తలకిందుల ఐదు

ఆ ఇంట్లో గడియారాలకు కొదవ లేదు, టైముకే కరువు.

హాల్లో అద్దాల అల్మరా నిండా గడియారాలే. వాటికి ముల్లుండదు, టిక్కుటిక్కుండదు. చెక్క పీటల మీద వరసగా నిలబెట్టిన గాజు గొట్టాలు, అంతే. ఒక్కో గొట్టంలో సున్నా నుంచి తొమ్మిది దాకా సన్నటి తీగ అంకెలు, బస్సు కోసం నిలబడ్డ జనంలా ఒకదాని వెనక ఒకటి. కరెంటు దేనికి తగిలితే ఆ అంకె నిప్పుకణికలా వెలుగుతుంది. వాటిని నిక్సీ ట్యూబులంటారనీ, ఇప్పుడు అలాంటివి తయారుచేసేవాళ్లు దాదాపు లేరనీ, పెళ్లైన కొత్తలో మొగుడు ఆమె చెయ్యి పట్టుకుని చెవిలో చెప్పాడు. ఇంకేదో చెబుతాడనుకుని సిగ్గుపడి తల వంచుకున్నది ఆమె.

మొగుడిది లిఫ్టులు బాగుచేసే పని. పగలంతా జనాన్ని పైకీ కిందికీ చేర్చి, సాయంత్రం ఇంటికొచ్చి సీసం కరిగించి గొట్టాలకు తీగలు అతికిస్తాడు. అతికించినవి మాత్రం వెలిగించడు.

"వెలిగిన ప్రతి గంటా దాని ఆయుష్షులోంచి పోతుందే," అంటాడు. "మనిషైతే మళ్లీ పుడతాడు. ట్యూబు పుడుతుందా?"

చుట్టాలొస్తే మాత్రం అల్మరా మొత్తం వెలుగుతుంది. వాళ్లు "అబ్బ!" అనగానే ఆరిపోతుంది. ఒకసారి మొగుడి పెదనాన్న కళ్లజోడు వెతుక్కునేలోపే ఆరిపోయింది. "ఏదీ, నేను చూళ్లేదురా!" అంటే, "వచ్చే ఏడు రండి పెదనాన్నా," అన్నాడు.

ఇంట్లో ఫోను లేక కాదు. అది ఎప్పుడూ అత్తగారి చేతిలో ఉంటుంది, సీరియల్ చూస్తూ. అందుకని సరైన టైము కావలసినప్పుడు ఆమె కిటికీలోంచి తొంగి చూసి, కింద కొట్లో దర్జీని అడిగేది.

"ఏమ్మా, మీ ఆయన గడియారాలు ఇంకా నిద్ర లేవలేదా?" అనేవాడు దర్జీ. రోజూ ఇదే జోకు. రోజూ తనే నవ్వుకునేవాడు.

వెలుగుతూ ఉండేది ఒక్కటే, వంటింటి గడియారం. అదీ నిమిషాలు అటూ ఇటూ చెబుతుంది. మొగుడు చేసిన మొదటిది. దాన్ని దయతలచి వదిలెయ్యలేదు. ఆర్పితే మళ్లీ వెలుగుతుందన్న నమ్మకం లేక వదిలేశాడు. దాని వెలుతురులోనే కూతురు బుజ్జి అంకెలు నేర్చుకుంది.

తల్లి చదువు ఎనిమిదో క్లాసుతో ఆగిపోయింది. బుజ్జి కడుపులో పడ్డప్పటి నుంచీ ఆమెకు అదే బెంగ. పిల్లకు అన్నం పెట్టగలను, జడ వెయ్యగలను, జ్వరమొస్తే రాత్రంతా కూర్చోగలను, చదువు ఎక్కడి నుంచి తెచ్చి పెట్టను? అందుకే బడిలో వెయ్యకముందే మొదలుపెట్టింది. పొయ్యి దగ్గర నిలబడి గరిటె తిప్పుతూ, "పైన ఏముంది? చూసి రాయి," అనేది. బుజ్జి పలక పట్టుకుని గడియారం చూసి రాసేది. "ఐదమ్మా!" అంటే "మంచి పిల్లవి," అనేది తల్లి, తల తిప్పకుండా. పాలు పొంగిపోతాయని భయం.

ఆ తల తిప్పకపోవడమే కొంప ముంచింది.

బడిలో చేర్చుకునే ముందు చిన్న పరీక్ష పెట్టారు. టీచరు అడిగిన అంకెలన్నీ బుజ్జి చకచకా రాసేసింది. టీచరు ఒకచోట ఆగి, కాగితం అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది.

"ఇదేమిటి పాపా?"

"ఐదు."

ఐదు కాదది. రెండు అనే అంకె నీడ నీళ్లలో పడితే ఎలా ఉంటుందో అలా ఉంది. పైన పడుకున్న గీత, దాని ఎడమ కొస నుంచి ఏటవాలుగా జారి, కింద కొక్కెంలా వంకర. మళ్లీ రాయమంటే మళ్లీ అంతే రాసింది, నమ్మకంగా, నాలుక కొంచెం బయట పెట్టి.

"ఈ పాపకు అంకెలు తలకిందులుగా కనపడుతున్నాయి," అంది టీచరు. "కళ్లో, బుర్రో, ఎవరికైనా చూపించండి. వచ్చే వారం మళ్లీ తీసుకురండి. అప్పటికీ ఇలాగే ఉంటే సీటు కష్టం. ఇంట్లో ఎవరు నేర్పుతారు?"

"నేనేనండి."

"మీరెంతవరకు చదువుకున్నారు?"

"ఎనిమిది."

"ఆఁ," అంది టీచరు.

ఆ ఒక్క "ఆఁ"తో ఆమె ఇంటిదాకా ఏడవకుండా ఎలా నడిచిందో ఆమెకే తెలియదు. గడప దాటగానే పిల్లను ముందు కూర్చోబెట్టుకుని పరీక్షలు మొదలుపెట్టింది. గ్లాసు ఇచ్చి "ఏది పైన?" అంది. చెప్పులు ఇచ్చి "ఏ కాలికేది?" అంది. తను కుర్చీలోంచి కిందికి వంగి, తల వేలాడదీసి, "అమ్మ ఎటు ఉంది?" అని కూడా అడిగింది.

"అమ్మే తలకిందులుగా ఉంది," అంది బుజ్జి.

"కడుపుతో ఉన్నప్పుడు ఆ అతికింపుల పొగ పీల్చానత్తయ్యా. అదే అయ్యుంటుంది," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ.

"మా వంశంలో తలకిందులు ఎవరూ లేరమ్మాయ్," అంది అత్తగారు, ఫోనులోంచి కళ్లెత్తకుండా. "మీ పుట్టింట్లో ఎవరైనా ఉన్నారేమో కనుక్కో."

కళ్ల డాక్టరు చూసి, పిల్ల కళ్లు ముత్యాల్లా ఉన్నాయన్నాడు. దాంతో బెంగ తీరలేదు, కళ్లలోంచి బుర్రలోకి ఎక్కింది. మొగుడికి చెబుదామంటే అతను కొత్త ట్యూబుల పార్సిలు విప్పుతూ, పసిబిడ్డను తొట్టెలోంచి తీస్తున్నట్టు ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

మర్నాడు సాయంత్రం అత్తగారు ఫోను చార్జింగుకు పెట్టి వంటింట్లోకొచ్చి, మాత్ర నోట్లో వేసుకోబోతూ, "ఎంతయిందే బుజ్జీ? ఐదయ్యాకే వేసుకోమన్నాడు డాక్టరు," అంది.

బుజ్జి పైకి చూసి, "ఐదు," అంది.

ఆమె మొదటిసారి గరిటె వదిలేసి తల తిప్పి చూసింది. గాజులో ఎర్రగా వెలుగుతోంది, పైన పడుకున్న గీత, ఏటవాలు జారుడు, కింద కొక్కెం. అచ్చం బుజ్జి ఐదు. ఇన్నేళ్లుగా రోజూ దాన్ని చూస్తూ ఐదనే అనుకుంది. ఐదవుతుందని తెలిసిన కళ్లకు ఐదే కనిపిస్తుంది మరి. తెలియని పిల్లకు ఉన్నది కనిపించింది.

"ఏవండీ! మీ ఐదు తప్పండీ!"

మొగుడు పరుగెత్తుకొచ్చాడు. చూశాడు. మొహం చాటంత అయింది.

"కనిపెట్టావా! ఇన్నాళ్లకు నీకూ కన్ను కుదిరిందే! ఈ ట్యూబులు చేసిన పాత కర్మాగారం వాళ్లు ఐదుకు వేరే అచ్చు ఎందుకు దండగని, రెండు తీగనే బోర్లించి పెట్టేశారు. అదే అసలు సరుకుకు గుర్తు. ఐదు సరిగ్గా ఉందంటే దొంగ సరుకన్నమాట!"

"పిల్లకు సీటు రాదట!"

"దేనికి?"

"అసలు సరుకు చూసి నేర్చుకున్నందుకు!"

"అయితే వాళ్లకు చెప్పు, మన బుజ్జి రాసింది ఒరిజినల్ అని," అన్నాడు. పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టమన్నాట్ట వెనకటికొకడు.

పరీక్ష రోజు మొగుడు స్నానానికి వెళ్లగానే ఆమె స్టూలెక్కి, గుండె చిక్కబట్టుకుని వంటింటి గడియారం ప్లగ్గు పీకింది. అది ఆరిపోయింది. తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లలా చంకనెత్తుకుని, అసలు పిల్లను రెండో చేత్తో పట్టుకుని బడికి నడిచింది.

పెద్ద మేడమ్ గదిలో, పక్కనే టీచరు. మూట విప్పి అంతా చెప్పి, ప్లగ్గు పెట్టింది. వెలగలేదు. తీసి పెట్టింది. వెలగలేదు. టీచరు మళ్లీ ఆ "ఆఁ"కు నోరు తెరుస్తుండగా, తల తడి ఆరని మొగుడు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"పీకేశావా! దాన్ని పీకేశావుటే!"

"మీ పిల్ల చదువండీ!"

అతను బుజ్జి వంక చూశాడు. తర్వాత గడియారం వంక చూశాడు. దగ్గరికొచ్చి, పీట చివర పట్టుకుని అరచేత్తో ఒక్కటి కొట్టాడు. ఎర్రగా కళ్లు తెరిచింది. మీటలు నొక్కి, చేతి గడియారం చూసి టైము కలిపాడు.

పది నలభై తొమ్మిది.

"యాభైకి వస్తుందండి ఐదు," అంది ఆమె. నలుగురు పెద్దవాళ్లూ నాలుగు గాజు గొట్టాల ముందు తలలు వంచి నిలబడ్డారు. బడి గంట కొట్టాల్సిన ప్యూను కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. నాలుగు ఆరింది. ఐదు వెలిగింది.

"అయ్యో, ఇది రెండే! బోర్లా పడింది!" అంది టీచరు.

"బుజ్జీ, ఇది చూసే రాశావా?" అంది పెద్ద మేడమ్.

బుజ్జి తలూపింది. కానీ పెద్ద మేడమ్ కళ్లు పిల్ల మీద లేవు. ఆ ఎర్రటి వెలుగులో ఆవిడ మొహం పెళ్లికూతురి మొహంలా అయిపోయింది.

"ఎంత ముద్దుగా ఉందో! ఎవరు చేశారు?"

పెళ్లైనప్పటి నుంచీ మొగుణ్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు. "ఎందుకు చేశావు?" అని అడిగినవాళ్లే. వెన్నలా కరిగిపోయాడు. సీటు ఖాయమైంది. పెద్దదొకటి బడికి తన చేత్తో చేసిస్తానని, ఎవరూ అడక్కుండానే, మాటిచ్చేశాడు.

"చిన్న క్లాసుల ఎదురుగా పెట్టిద్దాం. పిల్లలు చూస్తూ నేర్చుకుంటారు," అంది పెద్ద మేడమ్.

"మేడమ్, ఐదు..." అంది ఆమె.

"ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి సుమండీ," అంది ఆవిడ మొగుడితో. అతని మొహం కొంచెం పాలిపోయింది. ఐదు సంగతి ఎవరూ వినలేదు.

నెల తిరక్కముందే పెద్ద గడియారం బడికి చేరింది. అప్పటి నుంచి మొగుడు లిఫ్టుల పనికి వెళ్తూ రోజూ బడి గోడ మీంచి తొంగి చూసి, "ఆదివారమైనా ఆర్పుతున్నారా?" అని ప్యూనును బతిమాలేవాడు. ఆమె ఇంట్లో పొయ్యి ఆర్పేసి, పాలు పొంగితే పొంగనీ అని, పలక ముందు బుజ్జి పక్కన కూర్చునేది. "ఐదుకు టోపీ. టోపీ కింద నిటారు మెడ. మెడ కింద పొట్ట." బుజ్జి వారంలో నేర్చేసుకుంది.

కొన్నాళ్లకు బడి వదిలే వేళ టీచరు ఆమెను క్లాసులోకి పిలిచింది.

"మళ్లీ మొదలైందండీ. క్లాసులో అందరూ ఐదు ఒకలా రాస్తుంటే మీ పాప ఒక్కతే వేరేలా రాస్తోంది. చెబితే వినదు. ఇంట్లో ఎవరు నేర్పుతున్నారు?"

అలవాటు కొద్దీ ఆమె తల వంచుకోబోయింది. అప్పుడే టీచరు భుజం మీంచి నల్లబల్ల కనిపించింది. దాని మీద టీచరు స్వయంగా వేసిన ఆనాటి తేదీ, ఇరవై ఐదు.

"నేనేనండి," అంది ఆమె. "ఎనిమిది దాకా చదువుకున్నాను."

ఈసారి టీచరు "ఆఁ" అనేలోపే బుజ్జి తల్లి కొంగు పట్టి లాగింది.

"అమ్మా, టీచరమ్మ ఐదుకి మెడ లేదు."