బసవమ్మ కనబడకూడదు

దొరసాని గారు వచ్చేలోగా కావలసిన పనులంటూ సూపరింటెండెంటు గారు ఒక కాగితం రాసి శరణాలయం గోడకు అంటించారు. గోడలకు పిడుగురాళ్ల సున్నం రెండు పూతలు. బావి గట్టు మీద పాచి గీకించాలి. పిల్లలందరికీ గోళ్లు తీయాలి. పున్నమ్మకు పేలు దువ్వి, గులాబీ రంగు గౌను తొడిగి, 'గుడ్ మార్నింగ్ మదర్' అనడం నేర్పాలి. అతిథికి కారం లేని కూర. ప్రతి పనికీ ఎదురుగా ఒకటే పేరు, శరణాలయం బడి పంతులమ్మ నాంచారమ్మ. అట్టడుగున ఎర్ర సిరాతో మరో మాట: దొరసాని గారున్న మూడు రోజులూ బసవమ్మ కనబడకూడదు.

నాంచారమ్మకు ఇంట్లో ఇంకో జాబితా ఉంది. దాన్ని ఎవరూ ఏ గోడకూ అంటించలేదు. తెల్లారకముందే పది బిందెల నీళ్లు, అత్తగారి కషాయం, ఇద్దరు పిల్లల క్యారియర్లు, ఆయన చొక్కా ఇస్త్రీ. మంగళగిరి మగ్గాల వీధిలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లని పెళ్లిలో అందరికీ చెప్పుకుని మురిసిన అత్తగారే, కాపురానికి వచ్చిన మూడో రోజున, "ఆ పట్టా పొయ్యిలో పెడితే అన్నం ఉడుకుతుందా తల్లీ?" అన్నారు. తాలూకా ఆఫీసు గుమాస్తా అయిన భర్త భావనారాయణ గట్టిగా అరిచే మనిషి కాదు. మెత్తగానే చెబుతాడు. "ఆ దొరసాని అన్నది తెలుగులో చెప్పు, వీళ్లన్నది ఇంగ్లీషులో చెప్పు. మధ్యలో నీ కవిత్వం కలపకు. అయిపోగానే ఇంటికి రా." పదకొండేళ్ల కాపురంలో నాంచారమ్మ చేసింది ఇంచుమించు అదే. ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడం. తన మాటేమిటని అడిగినవాళ్లు లేరు. అడగకపోయేసరికి ఆమె కూడా వెతుక్కోవడం మానేసింది.

పంతొమ్మిది వందల అరవయ్యారు, ఫాల్గుణ మాసం. చిలకలూరిపేట చుట్టుపక్కల మిరప కల్లాలన్నీ ఎర్రగా ఎండుతున్నాయి. పున్నమ్మను పెంచుకోవాలని డెన్మార్కు నుంచి బిర్గిట్ అనే ఆవిడ వచ్చింది. నలభై ఏళ్ల బడిపంతులమ్మ, పొడవాటి మనిషి. ఎండకు ముక్కు కందిపోయింది. ఆవిడ భర్త వడ్రంగి పని చేస్తాడట. పిల్ల కోసం కొయ్య బాతును చెక్కి పంపించాడు. కోర్టు కాగితాలన్నీ తర్వాత. ముందు పిల్లను చూసి, పిల్లకు తాను నచ్చానో లేదో తెలుసుకుని వెళ్లాలని వచ్చింది.

పున్నమ్మకు ఐదేళ్లు. కనిగిరి వైపు కరువులో దొరికిన ఏడాది పిల్లను తెచ్చి బసవమ్మ ఒళ్లో పడేశారు. బసవమ్మ శరణాలయంలో ఆయా. నాలుగేళ్లుగా ఆ ఒడే పిల్లకు ఊయల, అన్నం కంచం, బడి. "ఆ ముసలిదాని కొంగు వదిలితేగా పిల్ల దొరసాని దగ్గరికి పోయేది?" అని సూపరింటెండెంటు గారు బసవమ్మను వెనక కల్లంలో మిరపకాయలు ఏరే పనికి పంపేశారు.

మొదటి రోజు పున్నమ్మ తలుపు వెనక నించుంది. గుడ్ మార్నింగ్ చెప్పలేదు. రెండో రోజు బిర్గిట్ బాతుకు చక్రాలు తిప్పి చూపించింది, నేల మీద కూర్చుని వేళ్లకు దారం చుట్టి ఆడించింది, మోకాళ్ల మీద పాకింది కూడా. తక్కిన పిల్లలందరూ ఆవిడ మీద ఎక్కి తొక్కారు. పున్నమ్మ మాత్రం గౌను అంచు నోట్లో కుక్కుకుని కిటికీలోంచి కల్లం వైపే చూసింది.

సాయంత్రం బిర్గిట్ నాంచారమ్మతో, "నేనంటే భయపడే పిల్లను ఏడిపించి తీసుకెళ్లలేను. రేపు కూడా ఇలాగే ఉంటే ఒంటరిగానే వెళ్లిపోతాను" అంది. నాంచారమ్మకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే కల్లానికి వెళ్లింది. బసవమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఎర్ర కాయల్లోంచి తెల్లబోయిన తాలుకాయలు ఏరుతోంది.

"నా కోసం ఏడుస్తందా పంతులమ్మగారూ?"

"ఏడవదు. మాట్లాడదు."

"మొండిముండ. నా పోలికే." బసవమ్మ నవ్వింది. వెంటనే ఆ నవ్వు ఆపుకుంది. "నేనింకెన్నాళ్లుంటాలే అమ్మా. దానికో తల్లి కావాల, ఓ ఇల్లు కావాల. పోనీయండి, పోవాల్సిందే. గానీ ఆ తల్లి మొగం నన్నూ ఓసారి చూడనివ్వొద్దూ? బజార్న బెండకాయలైనా విరిచి చూసి కొంటామే!"

నాంచారమ్మకు గోడ మీది ఎర్ర సిరా గుర్తొచ్చింది. కలపకు అని భర్త అన్న మాట గుర్తొచ్చింది. అడుగులు మాత్రం అతిథి గది వైపే పడ్డాయి.

పావుగంటలో బిర్గిట్ మిరపకాయల రాశి ముందు గొంతుక్కూచుని ఉంది. పున్నమ్మ పరుగెత్తుకొచ్చి బసవమ్మ వీపుకు కరుచుకుంది. బసవమ్మ దొరసానిని ఎగాదిగా చూసి, ఒక చేట ఆవిడ వైపు తోసింది. "ఊరికే కూర్చుంటే ఎట్టా? ఏరమనండి."

బిర్గిట్ ఏరింది. నాలుగు కాయలు ఏరేసరికి తుమ్మింది. మళ్లీ తుమ్మింది. ఇహ ఆగలేదు. టోపీ ఎగిరి రాశిలో పడింది. బసవమ్మ భుజం మీదుగా తొంగి చూస్తున్న పున్నమ్మ, తనకు తుమ్మొచ్చినప్పుడల్లా బసవమ్మ చేసేట్టే నెత్తి మీద తడుతున్నట్టు చెయ్యి ఊపి, "చిరంజీవ! చిరంజీవ!" అంది.

కల్లంలో ఆడవాళ్లందరూ గొల్లుమన్నారు. "ఓసి నీ అఘాయిత్యం కూలా! నలభై ఏళ్ల మనిషిని దీవిస్తన్నావా?" అంది ఒకామె.

నాంచారమ్మ నవ్వుతూనే చెప్పింది. "మా వైపు తుమ్మిన పిల్లలకు పెద్దవాళ్లు నిండు నూరేళ్లు బతకమని దీవెన ఇస్తారు. ఆ దీవెన పున్నమ్మ మీకు ఇచ్చింది."

బిర్గిట్‌కు నవ్వుతో కళ్ల నీళ్లొచ్చాయి. వాటిని తుడుచుకుంది. తుడుచుకున్నది మిరపకాయలు ఏరిన చేత్తో! కెవ్వుమని లేచి గిరగిరా తిరిగింది. ఎవరో నీళ్లన్నారు, ఎవరో మజ్జిగన్నారు. అంతలో పున్నమ్మ బసవమ్మ వీపు మీంచి జారింది. ఆ పొడవాటి మనిషి ఒంటి మీద కొంగు కోసం వెతికింది. గౌను వేసుకున్న మనిషికి కొంగెక్కడిది? తన గులాబీ గౌను అంచునే ముద్ద చేసింది. దాన్ని నోటి దగ్గర పెట్టుకుని హా హా అని వెచ్చగా ఊదింది. "కూకో" అని గదమాయించి, కూర్చున్న దొరసాని కంటికి అద్దింది. మళ్లీ ఊదింది, మళ్లీ అద్దింది. "రుద్దమాక. నేను చేస్తన్నాగా" అంది.

బిర్గిట్‌కు ఒక్క మాటా అర్థం కాలేదు. నాంచారమ్మ ఈసారి తెలుగు నుంచి ఇంగ్లీషులోకి ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. కన్ను నెమ్మదించాక కూడా పున్నమ్మ ఆవిడ ఒళ్లోంచి దిగలేదు. రెండో కన్నుకు కూడా ముందుజాగ్రత్తగా ఆవిరి పట్టింది.

ఆ కేకలకు సూపరింటెండెంటు గారు పరుగున వచ్చారు. ఒళ్లో పిల్లను చూసి మొహం వెలిగింది. "చూశారా, నా ప్లాను పారింది! ఫోటో తీద్దాం. బసవమ్మా, నువ్వు పక్కకు జరుగు."

బిర్గిట్ ఎర్రబడ్డ కళ్లతో అడిగింది. "ఈవిడ ఎవరు?"

"కూలిమనిషని చెప్పండి నాంచారమ్మగారూ" అన్నారు ఆయన.

ఇటు మాట అటు చేర్చడమే కదా పని. నాంచారమ్మ బడిలో పాఠం చెప్పినంత స్పష్టంగా ఇంగ్లీషులో చెప్పింది. "ఈవిడ బసవమ్మ. ఈ పిల్లకు నాలుగేళ్ల నుంచీ తల్లి. ఇవాళ నోటి ఆవిరి పట్టిందే, అది ఈవిడ నేర్పిందే. మిమ్మల్ని చూసి, నచ్చితేనే పిల్లనిస్తుందట."

బిర్గిట్ పిల్లతో సహా లేచి వెళ్లి బసవమ్మ ముందు తల వంచి నిలబడింది. బసవమ్మ ఆవిడ గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బక్కపల్చన. అయినా పర్లేదు, నేల మీద కూకుంటది. ఇస్తా" అంది.

ఫోటోలో ముగ్గురూ పడ్డారు. నాలుగోది కొయ్య బాతు.

ఆ సాయంత్రం నాంచారమ్మ ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. "అన్నం ఏ వేళకి?" అన్నారు అత్తగారు. భావనారాయణ పేపర్లోంచి తల ఎత్తలేదు. నాంచారమ్మ పిల్లలిద్దరికీ వడ్డించింది. "మీకు కుండలో ఉంది, వడ్డించుకోండి. నాకు రాసుకునే పనుంది" అని దీపం తన వైపు జరుపుకుంది. పేపరు కిందికి దిగింది. నాంచారమ్మ అటు చూడలేదు. పిల్లతోపాటు పంపడానికి ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాసింది. ఎలా జోకొడితే నిద్రపోతుందో, పెరుగన్నంలో ఏది నంజుకుంటుందో, అవన్నీ ఎవరు నేర్పారో రాసింది. కింద మొదటిసారి తన పూర్తి పేరుతో సంతకం చేసింది.

శరణాలయం రికార్డుల్లో ఈ సంగతి ఉండదు. అక్కడ ఉన్నదల్లా సున్నం పూతలు, గౌను, సూపరింటెండెంటు గారి ప్లాను. అందుకని చదివే మీకు ఒక్క మనవి. ఈసారి మీ ఇంట్లో ఏ పసిబిడ్డ తుమ్మినా, 'చిరంజీవ' అంటూ నెత్తి మీద తట్టినప్పుడు, మా బసవమ్మను ఒక్కసారి తలుచుకోండి.