కృష్ణవేణి పాటల క్లాసు

కృష్ణవేణి టీపాయ్‌ను గోడవారకు ఈడ్చి, చాప పరిచి, కిటికీలన్నీ బిగించింది. పక్క ఫ్లాటువాళ్ళకు పాట వినపడితే గొడవ. మస్కట్‌లో ఎండ ఇంకా దిగలేదు, ఏసీ పొద్దుటినుంచీ మొరాయిస్తోంది. మెడమీది చెమట కొంగుతో తుడుచుకుని, పలాస నుంచి మోసుకొచ్చిన హార్మోనియం తిత్తి కదిపి చూసింది.

ఆ బిల్డింగులో సగం శ్రీకాకుళం, ఉద్దానం వైపువాళ్ళే. టెక్కలివాళ్ళు, వజ్రపుకొత్తూరువాళ్ళు, మగాళ్ళు కంపెనీల్లో, ఆడాళ్ళు ఆసుపత్రుల్లో. కృష్ణవేణి పాటల క్లాసు పెట్టిందనగానే పిల్లల్ని తెచ్చి దింపేశారు. దింపి, హాయిగా బజారుకు పోయేవారు! వాళ్ళకు కావలసింది పాటా? కాపలా. టెక్కలిలో ఆమెకు సంగీతం చెప్పిన సరోజిని టీచరు, గుమ్మం తొక్కిన పిల్లను తిప్పి పంపకూడదనేది. ఆ మాట పట్టుకుని కృష్ణవేణి ఎవరినీ కాదనలేకపోయింది. పాడేవాళ్ళూ వచ్చారు, జ్వరంతో పడి నిద్రపోయేవాళ్ళూ వచ్చారు. మొహమాటం మనిషిని ముంచుతుందంటే ఇదే మరి.

"ఏటే, ఇది పాటల బడా, బాలవాడీయా?" అని మొగుడు దిలీప్ నవ్వితే ఒళ్ళు మండేది.

ఓర్చుకున్నదంతా సంజన కోసం. తొమ్మిదేళ్ళది, పై అంతస్తు నర్సు సుప్రజ కూతురు. ఈ ఒక్క పిల్లకు పాట అబ్బితే చాలు, దేశం కాని దేశంలో తానూ టీచరునేనని గుండెమీద చెయ్యేసుకుని చెప్పుకోవచ్చు.

ఆ సాయంత్రం సంజన మూడో కాలంలో, అన్నిటికన్నా వేగంగా, స్వరాల అలంకారమంతా ఎక్కడా తప్పకుండా పాడేసింది. మిగతా పిల్లలు కూడా అల్లరి మాని చూశారు. కృష్ణవేణికి కళ్ళు నిండాయి.

"ఓలమ్మో, ఇంకోపాలి పాడే తల్లీ!"

అడిగినన్నిసార్లూ పాడింది పిల్ల, టిఫిన్ డబ్బా ఊసే ఎత్తకుండా.

సుప్రజ రాగానే ఈ సంగతి చెబుదామని కృష్ణవేణి నోరు తెరిచింది. ఈలోగా సుప్రజే ఆమె చేతులు పట్టుకుంది.

"అక్కా, నీ రుణం తీర్సుకోలేను. రేపట్నుంచి నీకీ బాద లేదు. ఇంటి కీ దానికే ఇచ్చేత్తన్నాం. పెద్దదైపోనాది కదా, ఒక్కర్తీ ఉంటాది."

"మరి పాటో?"

"పాటేటక్కా?" సుప్రజ నిజంగానే అర్థంకాక చూసింది. "ఏదో, ఇన్నాళ్ళూ పిల్లకి పొద్దుపోనాది. అదే సాలు."

తిట్టినా బాగుండేది. దణ్ణం పెట్టి మరీ చెంప పగలగొట్టినట్టయింది. సంజన తొడమీద తాళం వేసుకుంటూనే వాళ్ళమ్మ వెనక లిఫ్టు ఎక్కి వెళ్ళిపోయింది.

చాప చుట్టబోతే గోడ పక్కన సంజన టిఫిన్ డబ్బా కనిపించింది. మూత తీసింది. సాయంత్రం తినమని తల్లి పెట్టిన అటుకుల ఉప్మా, చెంచా గుచ్చింది గుచ్చినట్టే, నిండుగా అలాగే ఉంది.