రిపోర్టు ఎవరు తెరిచారు

"మా రోగాలు బజార్ల పెట్టింది మీరే. మళ్లా ఫికర్ జేయొద్దంటవా సారూ?"

ల్యాబు మేనేజర్ హృషికేశ్ కుర్చీ చూపించినా వెంకటనర్సమ్మ కూర్చోలేదు. ఉప్పల్‌లోని ఆ ల్యాబులో ఆమె డబ్బు కట్టి టీబీ పరీక్ష చేయించుకుంది. మందులు వాడింది, నయమైంది. అయితే కంపెనీ వెబ్‌సైట్‌లో బిల్లు నంబరు కొడితే చాలు, ఎవరి రిపోర్టైనా తెరుచుకునేది. దానికో తాళం వేయాలన్న బుద్ధి ఒక్కడికీ పుట్టలేదు. నాచారం మసాలా ప్యాకింగ్ యూనిట్‌లో ఆమె సూపర్‌వైజర్, సెలవు కోసం ఆమె ఇచ్చిన బిల్లు నంబరు కొట్టి ఆ రిపోర్టు చూశాడు. పనికి రావద్దన్నాడు. ఆమెకిప్పుడు ఆ పని తిరిగి కావాలి.

బయట మరిది మహిపాల్ రోడ్డు మీద పొయ్యి వెలిగించాడు. తెలంగాణ ఉద్యమంలో వంటావార్పు నిరసనలకు చేయి తిరిగినవాడు. రిపోర్టులు బయటపడ్డవాళ్లంతా చుట్టూ కూర్చుని నినాదాలు ఇస్తున్నారు. హృషికేశ్ వాళ్లకు మంచినీళ్ల క్యాన్లు పంపించాడు. ఆమెకు అక్కడే అనుమానం వచ్చింది.

"ఇంటిల్లిపాదికీ ఏడాది పరీక్షలు ఫ్రీ అమ్మా. కార్డు తీసుకుని సంతకం పెట్టండి, చాలు."

"సంతకమెందుకు?"

"కార్డు ముట్టినట్టు. ఇక ఏ కేసూ వేయనని..." చివరి మాట నమిలేశాడు.

ఆమె విసురుగా బయటికొచ్చింది.

"భయపడ్డడా వదినా?" గరిటె తిప్పుతూ అడిగాడు మహిపాల్.

"నీ బగారన్నంకా? అటు సూడు. గేటు కాడ మనోళ్లే కార్డులకు లైన్ కట్టిన్రు."

మనకు ఇదొక జబ్బు. రోడ్డెక్కి అరిచి, వండుకు తింటే గెలిచినట్టే అనుకుంటాం. కంపెనీవాడికీ అది తెలుసు. మన కడుపు నిండేదాకా ఆగుతాడు.

"సంతకం పెట్టినోళ్లకు బువ్వ లేదు," అని అరిచింది వెంకటనర్సమ్మ. లైన్ ఆగింది. కొందరు నవ్వారు, కొందరు గొణిగారు. ఇద్దరు మాత్రం కార్డు పట్టుకుని తలొంచుకుని వెళ్లిపోయారు.

మహిపాల్‌ను వెంటబెట్టుకుని ఆమె మళ్లీ లోపలికి పోయింది.

"హబ్సిగూడ వకీలు సూర్యకళమ్మను పొద్దుగాలనే అడిగొచ్చిన సారూ. పైసలు కట్టినోళ్లం, రెండేండ్ల లోపల వినియోగదారుల ఫోరంకు పోవచ్చంట. వకీలు లేకున్నా నడుస్తదంట. ఒంటి జబ్బుల సంగతి కాపాడకుంటే, ఐటీ చట్టం కింద రాష్ట్ర ఐటీ సెక్రటరీ కాడ నష్టపరిహారం అడగొచ్చంట. రెండు తావులకూ పోత."

"ఏళ్లు పడుతుందమ్మా."

"పట్టనియ్యి. ఉత్తరానికి ఏండ్లు పట్టదు గద. నాకు నయమైందని, రిపోర్టు బయటికి పోయింది మీ తప్పుతోనేనని మా సూపర్‌వైజర్‌కు రాయి. ఎవరి రిపోర్టు ఎవరు తెరిచిన్రో మీ కంప్యూటర్ల ఉంటదంట. అది చెరపకుండ తీసి మాకు రాసియ్యి. ఇప్పుడే, ముద్ర కొట్టి."