గిన్నెలో మిగిలిన పూస

ఇలా దగ్గరికి జరగండర్రా, ఆ ఫోను కాస్త పక్కన పెట్టి. చిలకలపూడి పాపాయమ్మ సంగతి చెబుతాను.

ఆవిడ యాభై ఏళ్లుగా రోల్డ్ గోల్డ్ పూసలు గుచ్చుతోంది. మొన్నామధ్య దివిసీమలో నాలుగైదు ఊళ్లవాళ్లు కలిసి, అమ్మవారి హారానికని ఇంటికొక పూస చొప్పున పోగుచేసి తెచ్చారు. "పేటలన్నీ సమానంగా రావాలండీ. ఒక్క పూస విడిచినా ఒక ఇంటిని విడిచినట్టే" అన్నారు. షాపు యజమాని దుర్గాశ్రీనివాస్ సంచీ తెచ్చి పాపాయమ్మ ముందు పెట్టాడు.

"పిన్నీ, నీ కళ్లకి పొరలొచ్చాయంటున్నారు. ఈసారి తేడా వస్తే ఇక ఇంటిపట్టున కూర్చుందువుగాని."

ఎంచితే రెండువేల ఐదువందల ఇరవై ఒకటి తేలాయి. రెండు పేటలుగా పంచి చూస్తే ఒక పూస మిగిలింది. మూడుగా పంచినా ఒకటే. నాలుగు, అయిదు, ఆరు, అలా పది దాకా పంచింది. ఎన్ని పేటలన్నా గిన్నె అడుగున ఒక్క పూస, ఆవిడ వంకే చూస్తూ. పాపాయమ్మ మళ్లీ మొదటినుంచి ఎంచింది, అన్నే వచ్చాయి. కళ్లు ఆనక తన గంపలోని పూసే ఒకటి ఇందులో కలిసిపోయిందనుకుంది.

మనవరాలు మేధ బందరులో ఇంటర్ చదువుతోంది. కాలేజీ నుంచి వచ్చేసరికి మామ్మ ఆ పూసను వేళ్ల మధ్య పట్టుకుని కూర్చుంది.

"ఏం మామ్మా, దాంతో కబుర్లా?"

"నాది ఒకటి ఇందులో పడిందే. ఒక్కటి తీసేస్తే పది దాకా ఎన్ని పేటలైనా చక్కగా వస్తాయి. కానీ తీసేది నాదో, ఎవరింటిదో!"

మేధ ఆ పూసలు పోగుచేసిన ఊళ్ల పెద్దకి ఫోన్ చేసింది. పూసలిచ్చిన ఇళ్ల జాబితా చూస్తే ఇళ్లూ సరిగ్గా అన్నే. అప్పుడా పిల్ల కాగితం తీసి యాభై దాకా అన్నిటితోనూ భాగించి చూసింది.

"నీ కళ్లు బాగానే ఉన్నాయి మామ్మా. ఇది ప్రధాన సంఖ్య. యాభై దాకా తెగలేదంటే ఇక తెగదు. అంతకన్నా ఎక్కువ పేటలేస్తే పేటకి యాభై పూసలు కూడా రావు, ఆ లెక్కలు చూసేశాంగా. దీన్ని సమంగా పంచడం బ్రహ్మ వల్ల కూడా కాదు."

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"కంప్యూటర్లతో వెతికి పట్టుకున్న అన్నిటికన్నా పెద్దదాన్ని రాస్తే నాలుగు కోట్ల అంకెల పైమాటే. అంకెకొకటి పెడితే, నువ్వు ఇన్నేళ్లూ గుచ్చిన పూసలన్నీ చాలతాయో లేదో."

"అయితే అదేనా ఆఖరుది?"

"ఆఖరనేది లేదు మామ్మా. తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటినీ గుణించి, ఒక్క పూస చేర్చు. వాటిలో దేనితో పేటలేసినా ఆ ఒక్కటీ మిగులుతుంది. అంటే మనకి తెలియనిది ఇంకోటి ఉన్నట్టేగా."

"ఈ ఒక్క పూసేనా అంత చెప్పేది" అంది పాపాయమ్మ. పాలకాయతిప్ప దగ్గర మొదటిసారి సముద్రాన్ని చూసినప్పటిలా ఆ పూస వంక చూసింది.

తర్వాత లేచి, పొడుగాటి దారం తీసింది. పంచడం మానేసి, అన్నిటినీ ఒకే పేటగా గుచ్చేసింది. పది చుట్లు వేస్తే కంటికి పదీ సమానంగానే కూర్చున్నాయి. మిగిలిన పూస ఏదో, ఎవరింటిదో ఇక ఎవరికీ తెలియదు.

"ముడి ఎక్కడేశావు పిన్నీ?" అన్నాడు దుర్గాశ్రీనివాస్, తిప్పితిప్పి చూసి.

"నీవి మంచి కళ్లేగా నాయనా, వెతుక్కో."

మర్నాడు ఇంకో సంచీ ఆవిడ ముందే పెట్టాడు.

ఆ లెక్క మరిచిపోకండర్రా, రెండువేల ఐదువందల ఇరవై ఒకటి. రేపు మీ పిల్లలకి శనగగింజలు పోసి పంచి చూడమనండి. ఒకటి మిగిలిందని వాళ్లు బిక్కమొహం వేస్తే, అప్పుడు చెప్పండి పాపాయమ్మ కథ.