శంకరమ్మ సిప్ప

కంఠేశ్వర్‌లో శంకరమ్మ జొన్నరొట్టెలకు ఎంత పేరుందో, ఆమె నోటికీ అంతే పేరుంది. యాభై రెండేళ్ల మనిషి. ముప్పయ్యేళ్లు బీడీలు చుట్టీ చుట్టీ వేళ్లు కొయ్యబారితే, ఆ పనికి తోడు సాయంత్రం పూట రోడ్డు పక్కన రొట్టెల పొయ్యి పెట్టింది. రొట్టెల పైసలు ఒక డబ్బాలో వేస్తుంది, ఇంట్లో ఎవరినీ ముట్టనీయదు. అరవై నిండిన రోజున బీడీల చాట అటక మీద పడేయాలి, ఆ తర్వాత ఒక్కరి ముందూ చెయ్యి చాపకూడదు. అదీ ఆమె పంతం.

డబ్బాలో ఉంటే పైసలు పెరగవని మొగుడు ఆత్మారాం పోరగా పోరగా, ఒక సోమవారం డబ్బాతో సహా బ్యాంకుకు పోయింది. అక్కడ కొత్తగా వచ్చిన వినీత అనే పిల్ల కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, చల్లగా చెప్పింది.

"ఇప్పుడు మొదలువెట్టినా ఆలస్యమేం గాదమ్మా. నా మాటిని సిప్ పెట్టుకో. ముసలితనంల గా సిప్పే నీకు దిక్కు."

ఇంకేముంది! శంకరమ్మ దిగ్గున లేచింది.

"ఏందీ, సిప్పనా? సిప్ప పట్టుకొని అడుక్కతినద్దనే గదనే నేను గీడిదాక వచ్చింది! నీ నోట్ల మన్నువడ!"

డబ్బా చంకన పెట్టుకొని బయటపడింది. మెట్లు దిగేసరికి కళ్లల్లో నీళ్లు. నన్ను చూడగానే ఆ పిల్లకు అడుక్కునే చిప్పే గుర్తొచ్చిందా అనుకుంది. ఇక బ్యాంకు గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది.

సాయంత్రం తలెత్తి చూస్తే పొయ్యి ముందర అదే పిల్ల. అన్ని తిట్లు తిని కూడా వచ్చింది!

"రెండు రొట్టెలియ్యమ్మా."

"సిప్ప పట్టుకునేదాని చేతి రొట్టె నీకెందుకు బిడ్డా, అరగదు," అంటూ శంకరమ్మ పిండిని టపటపా కొట్టింది.

వినీత నవ్వు ఆపుకోలేక, రొట్టెలు చుట్టే కాయితం మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసి చూపింది. "సిప్ప గాదమ్మా, సిప్. నెలనెలా మ్యూచువల్ ఫండ్ల కొంచెం కొంచెం ఏసుకునుడు. ఒకపారి పెరుగుతది, ఒకపారి తగ్గుతది. ఏండ్లకేండ్లు ఓపిక పట్టాలె."

"జొన్నల రేటు పెరుగుతలేదా, తగ్గుతలేదా? నేను పొయ్యి ఆర్పుకుంటున్ననా?" అంది శంకరమ్మ. అని, తనూ పకపకా నవ్వింది. పక్కన పొయ్యిలోకి కట్టెలు అందిస్తున్న ఆత్మారాం అయితే నవ్వలేక గోడకు ఆనుకున్నాడు.

మర్నాడే ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, బ్యాంకుకు పోయి సంతకం చేసింది. నోరు తిరగక దాని పేరు మాత్రం సిప్పగానే ఉండిపోయింది. వాడకట్టు ఆడవాళ్లు కూడా "మాకో సిప్ప పెట్టియ్యి పిల్లా" అంటూ వినీత చుట్టూ మూగారు.

మొన్న ఐదో తారీఖున ఆ నెల సిప్పకు డబ్బు కట్టినట్టు మెసేజ్ వచ్చి ఫోన్ మోగింది. ఆత్మారాం ఊరుకుంటాడా? "ఏమే, ఆఖరికి సిప్ప పట్టినవన్నట్టు!"

శంకరమ్మ పెనం మీద రొట్టె తిప్పింది.

"పట్టింది నేను గాదు. నెలనెలా బ్యాంకే నా ముంగట సిప్ప పట్టుకొని నిలవడుతంది. నేను ఏస్తున్న."