విమానాన్ని వినడానికి వెళ్ళినవాళ్ళం

విమానం కనబడకుండా పోయిన తొమ్మిది రోజుల్లో అది మా కాఫీ కొట్టు బల్లమీదే నాలుగుసార్లు సముద్రంలో కూలింది, రెండుసార్లు హైజాకయింది, ఒకసారి ఎవరికీ తెలియని దీవిలో దిగి ప్రయాణికులంతా కొబ్బరినీళ్ళు తాగుతూ కూర్చున్నారు. ఇదంతా చే లతె అనే ఆయన పని. పోస్టాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. డబ్బాపాలు బల్లమీద ఒలకబోసి, అందులో వేలు ముంచి విమానం దారి గీస్తాడు. గీసిందల్లా తుడవాల్సింది నేను.

అతనొక్కడే అయితే భరించేదాన్ని. విమానం పోయిన మర్నాడే మా ఊళ్ళో ముగ్గురు దాన్ని చూశామన్నారు. ముగ్గురూ మూడు దిక్కులు చూపించారు. ఒకడికి మంట కనపడింది, ఇంకొకడికి పొగ కనపడింది, మూడోవాడికి కిటికీలోంచి ఎవరో చెయ్యి ఊపారు. పట్నంలో కుర్రకారు ఉపగ్రహం తీసిన ఫోటోల్లో తెల్లమచ్చ కనపడితే చాలు, ఎర్రసున్నా చుట్టి ఫోన్లలో తిప్పేవాళ్ళు. అలా లోకమంతా తిరిగిన ఒక రెక్క ముక్క తీరా చూస్తే మా హాజీ సోహ్ పడవ. ఆయనేమైనా సిగ్గుపడ్డాడా? ఆ ఫోటోకి పటం కట్టించి ఇంట్లో గోడకి తగిలించాడు.

అసలు తంటా ఆ మర్నాటి పేపరుతో వచ్చింది. లతె పేపరు మడిచి బల్లమీద కొట్టాడు.

"విమానంలో ఒక పెట్టె ఉంటుందట. నీళ్ళలో పడితే అదే అరుస్తుందట. నెల రోజులు ఆగకుండా అరుస్తుందట."

"అరిస్తే ఏం?" అన్నాను.

"ఏమంటావేంటి మెక్ యో? నీళ్ళలో అరిచేదాన్ని వినడానికి ఓడలు, యంత్రాలు ఎందుకు? నీ ఇంట్లోనే మనిషి ఉన్నాడుగా."

కొట్లో ఉన్నవాళ్ళంతా నా మొగుడి వైపు తిరిగారు. మా ఆయన డెరామాన్ మాత్రం వేయించిన చేపముద్ద నముల్తూ అందర్నీ చూసి నవ్వాడు. ఆయనకి ఒక్క ముక్కా వినపడలేదని నాకు తెలుసు.

మా తీరంలో పాతకాలంనుంచీ ప్రతి పెద్ద పడవకీ ఒక వినేవాడు ఉంటాడు. పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి దిగి, తల ముంచి, కింద ఏ చేపలు ఉన్నాయో, ఎటు పోతున్నాయో చెవితో పట్టేస్తాడు. ఆయన చెయ్యి చూపించినవైపే వల వేస్తారు. ఈ రోజుల్లో అందరూ యంత్రాలు పెట్టుకున్నారు. హాజీ సోహ్ మాత్రం పిసినారితనంతో కొంత, గొప్పకోసం కొంత, మా ఆయన్నే ఉంచుకున్నాడు. పట్టినదాంట్లో మొదటి బుట్ట మాది. ఊరంతా ఆయన్ని పక్ దా అని గౌరవంగా పిలుస్తుంది.

ఆ పక్ దాకి మూడేళ్ళనుంచీ చెవులు పోయాయి. కుడిది పూర్తిగా చచ్చింది. ఎడమవైపు గట్టిగా మాట్లాడితే మనిషి మాట అందుతుంది, చేప గుసగుస అందదు. నాకెలా తెలిసిందంటే, ఒకరోజు ఒళ్ళుమండి ఆయన వీపు వెనక నిలబడి వాళ్ళ ఏడు తరాల్నీ తిట్టాను. ఇటు తిరిగి, కాఫీ ఉందా అని నెమ్మదిగా అడిగాడు. ఇంత మంచివాడు ఎప్పుడయ్యాడా అని అప్పుడే అనుమానమొచ్చింది. పడవమీంచే పక్షుల వాలకం, నీళ్ళ రంగు చూసి చెయ్యి చూపిస్తాడు. సగంసార్లు చేపలు పడతాయి. పడనిరోజు, మీ ఇంజను గోలకి బెదిరిపోయాయని వాళ్ళనే తిడతాడు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు.

రెండ్రోజుల్లో టీవీవాళ్ళు దిగారు. హాజీ సోహ్ కొత్త టోపీ పెట్టుకుని, మా పక్ దాకి సముద్రమంటే అరచేతి గీత అని చెప్పాడు. పెట్టె అరుపు మనిషి చెవికి అందదని అదే పేపర్లో కింది లైన్లో ఉందని తరవాత తెలిసింది. లతె కింది లైను చదివే మనిషి కాదు. నా కొట్టుకి మాత్రం నాలుగు రోజులు పొయ్యి ఆర్పే తీరిక లేకుండా పోయింది. అబద్ధమెందుకు, నాకూ అది బాగానే ఉంది.

అయిదోరోజు పొద్దున్న బస్సులోంచి ఒకామె దిగింది. చీనా ఆవిడ, యాభై దాటాయి. చేతిలో బిస్కట్ల డబ్బా. దక్షిణాన ఎక్కడో బేకరీ నడుపుతుందట. పేరు గెక్ చూ.

"టీవీలో చూశానక్కా. నీళ్ళలో వినేది మీ ఆయనేనా?" అని అడిగింది. "మా తమ్ముడు ఉన్నాడు ఆ విమానంలో. మా అమ్మ పోయాక నేనే పెంచాను వాడిని."

కొట్లో గోల టక్కున ఆగింది. ఆగింది ఎంతసేపనుకున్నారు? ముందుగా లతె తేరుకుని దీవిలో కొబ్బరినీళ్ళ కథ ఎత్తుకున్నాడు. వెనకాలే చెయ్యి ఊపినవాణ్ణి చూసినవాడు వచ్చి, ఆ చేతికి గడియారం కూడా ఉందన్నాడు. ఆమె అందరికీ తలూపింది. తొమ్మిది రోజులుగా అలా తలూపి తలూపి మెడ అలవాటుపడిన మనిషిలా ఉంది. నాకు వాళ్ళ నోళ్ళలో బొగ్గులు పెట్టాలనిపించింది. ఆమెకి అన్నం, చేప పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"అందరూ తలో మాట చెబుతున్నారు," అంది. "నేను వాడికి రోజూ కంచం పెట్టాలో, పటానికి దండం పెట్టాలో తెలియడం లేదు. మీ ఆయన నీళ్ళలో ఏమీ లేదంటే చాలు. ఇంటికెళ్ళి కంచం పెట్టి ఎదురుచూస్తాను. ఎన్నేళ్ళయినా సరే."

లోపలికెళ్ళి డెరామాన్ ఎడమచెవి పట్టుకున్నాను.

"తల ముంచు, లేచి అడ్డంగా ఊపు. ఏమీ వినపడలేదను. అందులో అబద్ధం లేదుగా."

"అడ్డంగా ఊపితే అది జీవితమంతా కంచం పెడుతుందటే," అన్నాడు. లోపల్నుంచే పెదవులు చూసి ఆమె మాటలన్నీ పట్టేశాడన్నమాట. "నిలువుగా ఊపితే ఇవాళే చచ్చిపోతుంది."

"నిజం చెబితే మన బుట్ట పోతుంది. పరువు పోతుంది."

ఆయన చొక్కా తొడుక్కుని పడవవైపు నడిచాడు. నాకు భయమేసింది, ఎందుకంటే వాదించనప్పుడే ఆయన మొండికేస్తాడు.

పడవ కదిలేముందు హాజీ సోహ్ ఆయన్ని పక్కకి లాగి, ఒడ్డంతా వినపడేలా రహస్యం చెప్పాడు. "ఏదో టకటకమన్నట్టుంది అను పక్ దా. ఉన్నట్టుంది అంటే చాలు. ఓడలు ఇటొస్తాయి, ఊరి పేరు నిలుస్తుంది." ఆడది ఎక్కితే చేపలు పారిపోతాయని నన్ను ఆపబోయాడు. ఇవాళ చేపలకోసం వెళ్ళడంలేదుగా హాజీ అని ఎక్కి కూర్చున్నాను. అంతమంది మగాళ్ళ మధ్య ఆవిణ్ణి ఒక్కదాన్నీ ఎలా పంపను?

తీరం సన్నటి గీతయ్యేదాకా వెళ్ళాక ఇంజను ఆపారు. కెమెరా మనిషి ఒక మూల వాంతి చేసుకుంటున్నాడు. డెరామాన్ చొక్కా విప్పి నీళ్ళలోకి దిగాడు. అంచు పట్టుకుని తల ముంచాడు. పడవమీద అందరూ ఊపిరి బిగబట్టారు, లతె కూడా. ఆయన లేచాడు, గాలి పీల్చుకున్నాడు, మళ్ళీ ముంచాడు. మూడోసారి లేచి, ముఖం తుడుచుకుని, హాజీ వైపు కాకుండా ఆమె వైపు తిరిగాడు.

"నాకు వినపడలేదమ్మా," అన్నాడు.

ఆమె కళ్ళు మెరిశాయి. "అంటే ఇక్కడ లేదా?"

"అది కాదు. నాకు చెవులు లేవు. పోయి మూడేళ్ళయింది. కింద ఉన్నా తెలీదు, లేకపోయినా తెలీదు. నా మాట పట్టుకుని నువ్వు ఏమీ అనుకోకు."

హాజీ సోహ్ మొహం ఉప్పుచేపలా ఎండిపోయింది. "మూడేళ్ళా?" అన్నాడు. మూడేళ్ళుగా ఇచ్చిన బుట్టలన్నీ ఆయన కళ్ళముందు తిరుగుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. నేను సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను. కోపమొచ్చింది, అదే క్షణంలో ఆ ముసలాడి తడిసిన నెత్తిని నిమరాలనీ అనిపించింది.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చెప్పులు విప్పింది.

"ఎలా వినాలో చెప్పండి. నాకు చెవులు బాగానే ఉన్నాయి."

ఎవరో వద్దనబోయారు. డెరామాన్ అప్పటికే చెబుతున్నాడు: అంచు వదలకు, కళ్ళు మూసుకో, గుండె చప్పుడు సద్దుమణిగేదాకా ఆగు, అప్పుడు విను. ఆమె బట్టలతోనే దిగింది. నేను బోర్లా పడుకుని ఆమె మణికట్టు పట్టుకున్నాను. తల ముంచింది. ఎంతసేపటికీ లేవదు. లాగేద్దామనుకునేలోపు పైకొచ్చి, దగ్గి, నీళ్ళు ఉమ్మింది.

"కింద ఏదో వేగుతోంది," అంది. "మూకుడులో వేగినట్టు. మధ్యమధ్య కప్పల్లాగా కొన్ని. బోలెడు."

నేను ఆయన చెవిలో అరిచాను. ఆయన మొహం వెలిగింది. "గెలామా చేపలు. పెద్ద మంద. కింద ఎప్పుడూ అంతే, సంతలా ఉంటుంది."

ఆ మాట వినగానే మావాళ్ళు ఊరుకుంటారా? ఇద్దరు లేచి వల మీద చెయ్యి వేశారు. ఎవడి బుద్ధి ఎక్కడికి పోతుంది? అయితే వాళ్ళని ఆపింది నేను కాదు. "కూర్చోండ్రా," అన్నాడు హాజీ సోహ్. ఆ మనిషి చేపల్ని వదులుకోవడం నేను చూడటం అదే మొదలు.

గెక్ చూ ఇంకా నీళ్ళలోనే ఉంది. నా చెయ్యి పట్టుకుని, నాకొక్కదానికే చెబుతున్నట్టు నెమ్మదిగా అంది.

"వాడికి చిన్నప్పట్నించీ పక్కన రేడియో మోగుతుంటేగానీ నిద్రపట్టదక్కా. కింద చప్పుడే ఉండదేమో అనుకున్నాను. ఇన్ని రోజులూ నాకు నిద్రలేనిది అందుకే."

మళ్ళీ తల ముంచింది.

"ఏమంటోందే?" అని డెరామాన్ నా భుజం కుదిపాడు. "ఏమందో చెప్పు."

ఆయనకి వినపడాలంటే అరవాలి. అది అరిచే మాట కాదు. అయినా ఆయన ఎడమచెవి దగ్గర నోరు పెట్టి, పడవంతా వినేలా అరిచి చెప్పాను.