వెల్లకిలా పడే మనిషి

ముసలి పైల్వాన్ పర్వతాలు చంకల కింద భద్రయ్య రెండు చేతులూ దూర్చి, అతని వీపును తన రొమ్ముకు ఆనించుకుని ఒక్క ఊపులో మంచం మీది నుంచి లేపాడు. స్నానాల గదిలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చోబెట్టి గోరువెచ్చని నీళ్లు పోశాడు. ఒకప్పుడు తలుపంత వెడల్పున్న వీపు. ఇప్పుడు చర్మం మడతలు పడి జారిపోయి, వెన్నుపూసలు ఒక్కొక్కటే పైకి తేలాయి. చెవులు మాత్రం మారలేదు. కుస్తీ పట్లలో నలిగి నలిగి ఎప్పుడో గట్టిపడ్డ చెవులు, ఎండిన పుట్టగొడుగుల్లా తలకు అతుక్కుని ఉన్నాయి. భద్రయ్య వాటి వెనక సబ్బు రుద్దాడు.

"జెర తల వంచు పైల్వాన్."

పర్వతాలు వంచలేదు. కళ్లెత్తి చూశాడు.

"ఎవరయ్యా నువ్వు? గ్యాస్ బండ తెచ్చినవా?"

"ఆఁ, తెచ్చిన. లోపల పెట్టిన."

"మంచిగ చేసినవ్."

మొదట్లో భద్రయ్య తన పేరు చెప్పేవాడు. ఆ పేరు ఎవరిదో గుర్తు రాక పర్వతాలు ఏడ్చేవాడు. అందుకని చెప్పడం మానేశాడు.

చిలకలగూడలో ఇస్త్రీ బండి తెరిచేముందు రోజూ బన్సీలాల్‌పేట్ వచ్చి పర్వతాలుకు స్నానం చేయించడం భద్రయ్యకు అలవాటైన పని. పర్వతాలు భార్య పోయింది. కూతురు యామిని ఒక కళ్ల ఆసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగం చేస్తూ తండ్రిని చూసుకుంటోంది. భద్రయ్యను కాకా అని పిలుస్తుంది. కుస్తీల రోజుల్లో తండ్రి వెంట సామాను మోసినవాడని మాత్రమే ఆమెకు తెలుసు. భద్రయ్య ఎన్నడూ కాదనలేదు.

ఆ రోజుల్లో కుస్తీ అంటే గుడారం వేసి, దీపాలు కట్టి, టికెట్టు పెట్టి ఆడే ఆట. గోడల మీద ఎక్కడ చూసినా టైగర్ పర్వతాలు బొమ్మే. అతనికి ఎదురు నిలిచేది కాలా షైతాన్. షైతాన్‌కు నల్ల ముసుగు, నల్ల బనీను. ముందు వాడు పర్వతాలు కళ్లలో మట్టి కొట్టాలి, జనం తిట్టి చెప్పులు విసరాలి. ఆ తర్వాత పర్వతాలు లేచి, వాణ్ణి తల మీదికెత్తి, గిరగిరా తిప్పి వెల్లకిలా పడేయాలి. స్టేషన్లో మూటలు మోసే భద్రయ్యే ఆ షైతాన్. ముసుగు వెనక ఎవరున్నారో ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదని ఇద్దరూ ఒట్టేసుకున్నారు. భద్రయ్య తనంతట తాను ఎగిరితేనే పర్వతాలు ఎత్తగలిగేవాడు. పడేసేటప్పుడు ఎవరికీ కనిపించకుండా పర్వతాలు అరచేయి భద్రయ్య మెడ కిందికి వచ్చేది. పైన వంగి, పళ్లు కొరుకుతున్నట్టు నటిస్తూ చెవిలో అడిగేవాడు, "దెబ్బ తాకిందా?" అని.

ఒక ఎండాకాలం సికింద్రాబాద్ మైదానంలో చోటు చాలక జనం చెట్లెక్కారు, గోడలెక్కారు. ఆట ముగిశాక పర్వతాలును భుజాల మీద ఎత్తుకుని గడియారం స్తంభం దాకా ఊరేగించారు. ఆడవాళ్లు హారతులు పట్టారు. భద్రయ్య గుడారం వెనక ముసుగు విప్పి, చొక్కా తొడుక్కుని, ఊరేగింపు చివర ఈల వేసుకుంటూ నడిచాడు. అంతకు మించిన రోజు పర్వతాలుకు మళ్లీ రాలేదు.

తర్వాత ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చింది. అందులో విదేశీ పైల్వాన్లు వచ్చారు. ఆ ఏడాది కాప్రాలో ఆట పెట్టినప్పుడు భద్రయ్య ఎప్పటిలాగే వెల్లకిలా పడ్డాడు. ముందు వరసలో ఎవరో నవ్వారు. "ఉత్త డ్రామా! వాడే ఎగురుతుండు సూడు" అన్నారు. ఆ నవ్వు వరస నుంచి వరసకు పాకింది. చెయ్యెత్తి అటువైపు తిరిగి ఉన్న పర్వతాలు వినలేదు. నేల మీదున్న భద్రయ్య విన్నాడు.

"జనం గింత తక్కువొచ్చిన్రేంది?" అని ఆ రాత్రి పర్వతాలు అడిగితే, "వాన పడేటట్టుండె గదన్నా" అన్నాడు భద్రయ్య. ఆ తర్వాత ప్రతి ఊళ్లోనూ ఏదో ఒక సాకు దొరికేది. చివరికి గుడారమే లేకుండా పోయింది. పర్వతాలు ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర మీసం తిప్పుకుని నిలబడే ఉద్యోగంలో చేరాడు. భద్రయ్య ఇస్త్రీ పెట్టె పట్టాడు.

ఒళ్లు తుడిచి మంచం మీద కూర్చోబెట్టేసరికి యామిని పెరుగన్నం కలుపుకుని వచ్చింది. పర్వతాలు మూతి తిప్పుకున్నాడు.

"నిన్నటి సంది ముద్ద ముడ్తలేడు కాకా. పరేషాన్ అయితుంది నాకు. సెలవు పెట్టి కూసున్న. ఆ కాలా షైతాన్ రావాల్నంట, వాన్ని ఓడగొట్టినంకనే తింటడంట."

భద్రయ్య మంచం వైపు చూశాడు. పర్వతాలు గడ్డం కింద ఎముకలు కనిపిస్తున్నాయి.

"నీ నల్ల చున్నీ ఇయ్యి బిడ్డా."

"ఎందుకు?"

"ఇయ్యి."

గది బయటికి వెళ్లి చున్నీని కళ్లు మాత్రం కనిపించేలా ముఖానికి చుట్టుకున్నాడు. చొక్కా విప్పాడు. గడపలో కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, పాత గొంతుతో ఒక్క కేక వేశాడు.

పర్వతాలు తల తిప్పాడు. వాలిపోయిన ముఖమంతా వెలిగింది.

"వచ్చినవారా! ఇన్ని దినాలు యాడ సచ్చినవ్‌రా?"

మంచం పట్టుకుని తనంతట తాను లేచి నిలబడ్డాడు. యామిని పరుగెత్తబోతే భద్రయ్య చేత్తో ఆపాడు. దగ్గరికి వెళ్లి నడుం అందించాడు. పర్వతాలు చేతుల్లో బలం లేదు, ఊరికే తాకాయి. భద్రయ్య అరిగిన మోకాళ్లతోనే ఎగిరి, పర్వతాలు బరువు తన మీద పడేలా పట్టుకుని, వెల్లకిలా పడ్డాడు. వీపు బండలకు కొట్టుకుంది. తల కొట్టుకోలేదు. మెడ కింద అరచేయి ఉంది.

పర్వతాలు వంగి, పళ్లు కొరుకుతున్నట్టు ముఖం పెట్టి చెవిలో అడిగాడు.

"దెబ్బ తాకిందా భద్రయ్యా?"

చున్నీ లోపలి నుంచి భద్రయ్య ఎప్పటిలాగే బదులిచ్చాడు.

"లేదన్నా. తాకలే."

పర్వతాలు చెయ్యి పైకెత్తి చుట్టూ చూశాడు. గదిలో చప్పుడు లేదు. యామిని గిన్నె కింద పెట్టి చప్పట్లు కొట్టింది. ఏడుస్తూ కొడుతూనే ఉంది.

ఆ తర్వాత అతను గిన్నెడు పెరుగన్నమూ తిని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. గుమ్మం దగ్గర యామిని భద్రయ్య చెయ్యి పట్టుకుంది.

"చిన్నప్పుడు నేను నీ మీద రాయి ఇసిరిన కాకా. బాపును కొడుతున్నవని."

"నువ్వొక్కదానివేనా, ఊరంత ఇసిరింది" అని నవ్వి, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

ఒక చెయ్యి నడుం మీద ఆనించి మధ్యాహ్నం దాకా ఇస్త్రీ చేశాడు. వీపు మండుతోంది. తన పేరు మళ్లీ మళ్లీ చెవిలో వినిపిస్తోంది. రేపు స్నానం చేయించేటప్పుడు కూడా చున్నీ కట్టుకుంటే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తూ ఒక చొక్కా కాలరును రెండుసార్లు రుద్దాడు. అప్పుడు ఫోన్ మోగింది.

"కాకా, బాపు లేస్తలేడు."

బొగ్గుల మీద నీళ్లు చల్లి వచ్చాడు.

ఇరుగుపొరుగు వాళ్లు గుమిగూడి ఉన్నారు. ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఉండే పెద్దాయన పోయాడని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. కిందికి దించడానికి నలుగురు మంచం దగ్గరికి వచ్చారు.

"నేను లేపుత" అన్నాడు భద్రయ్య.

చంకల కింద చేతులు దూర్చి రొమ్ముకు ఆనించుకున్నాడు. రోజూ లేపేటప్పుడు పర్వతాలు ఎంతో కొంత కాళ్లు నేలకు అదిమేవాడు. ఈసారి అదమలేదు. బరువంతా భద్రయ్య మీదే పడింది. మెల్లగా చాప మీదికి దించి, తల ఆనేముందు మెడ కింద అరచేయి పెట్టాడు. దాన్ని వెంటనే తీయలేకపోయాడు.

పైన ఖాళీ మంచం మీద దూది పరుపు గోడ వైపు కుంగి ఉంది, ఒక పెద్ద మనిషి పక్కకు తిరిగి పడుకున్నంత గుంటతో.